ఎత్తు లేపిన జీపు

5 జూన్ 1949, ఆదివారం

జీపు వచ్చింది. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు అమ్మేసిన డిస్పోజల్ బండి. కోదాడ బావ నాగేశ్వర్ రావు, మా అక్క భర్త, బెజవాడ వేలంలో తానే నిలబడి కొనిపెట్టాడు. స్టీరింగ్ ఎడమవైపు. ఆకుపచ్చ రంగు మీద తెల్ల నక్షత్రం ఇంకా కనిపిస్తోంది. మా ధాన్యం కొట్టు ముందు సూర్యాపేట సగం గుమిగూడింది. బానెట్ ఎత్తి అందరికీ చూపించాను. లోపల ఏది ఏమిటో నాకే తెలియదు.

వానలు పడితే ఎడ్లబండ్లు నల్లరేగడిలో దిగబడతాయి. పాలకీడు వైపు పల్లెలకు పోవడమే గగనం. జీపు ఉంటే బేరానికి అందరికన్నా ముందు నేనే పోతాను. మిగతా రోజుల్లో కిరాయికి తిప్పుతాను. ఇదీ ఇంట్లో చెప్పిన కారణం. ఇక్కడ ఇంకొకటి కూడా రాసుకోవచ్చు. ఊళ్లో ఏ షావుకారుకీ జీపు లేదు.

7 జూన్

డ్రైవర్‌గా మల్సూర్‌ను పెట్టుకున్నాను. బర్మా సరిహద్దులో మూడేళ్లు మిలిటరీ జీపులు తోలాడు. విప్పడం, బిగించడం కూడా అక్కడే నేర్చుకున్నాడు. చదువు లేదు. లైసెన్స్ ఉంది. నాకు లేదు. నేర్పిస్తానన్నాడు.

12 జూన్, ఆదివారం

సలహాలతో చెవులు గింగురుమంటున్నాయి. వెనక చక్రాలకు జోడు టైర్లు వేయించమని ఒకరు. పెట్రోల్‌లో కొంచెం కిరసనాయిలు కలిపితే ఇంజన్ చల్లగా ఉంటుందని పోస్టుమాస్టరు. కప్పుకు రేకు కొట్టించమని మా మేనమామ. ఇలా కాదని ఈ డైరీలోనే ఒక పేజీ మధ్యలో గీత గీశాను. ఎడమవైపు వినవలసినవి, కుడివైపు విననక్కరలేనివి.

బావ ఈ రోజు ప్రత్యేకంగా కోదాడ నుంచి వచ్చాడు. ఇరుసుకూ స్ప్రింగుకూ మధ్య ఇనప దిమ్మెలు పెట్టి బండిని అరడుగు లేపాలన్నాడు. లారీ టైర్లు వేస్తే ఇంకా లేస్తుందట. వెనక ఛాసిస్ కోసి, పొడుగు చేసి, ఎదురెదురు బెంచీలు వేస్తే ఎనిమిది మంది కూర్చోవచ్చట. "వాగులో దిగినా నీళ్లు ఇంజన్‌కి తగలవు, చూడు" అని ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ చూపించాడు.

మల్సూర్ అరుగు కింద గొంతుక్కూర్చుని అంతా విన్నాడు. బావ భోజనానికి లోపలికి వెళ్లాక నాతో చెప్పాడు. "సేటూ, ఎత్తు లేపకు. ఎత్తు లేస్తే బోల్తా కొడ్తది. గిది కిందికుండి బతికే బండి." మరి వాగులు ఎలా దాటతామన్నాను. నీళ్లలో దిగేముందు ఫ్యాన్ బెల్ట్ విప్పితే ఫ్యాన్ నీళ్లు చిమ్మదట. ప్లగ్గుల వైర్ల మొదట్లో గ్రీజు పూయాలట. బురదలో టైర్ల గాలి సగం తీసేస్తే చక్రం పరుచుకుని పట్టుకుంటుందట. ఇంజన్ కింద రాళ్లు తగలకుండా ఒక ఇనప రేకు.

గంతేనా అన్నాను. గంతే అన్నాడు.

నాకు చప్పగా అనిపించింది. అవన్నీ చేసినా బండి ఎప్పటిలాగే ఉంటుంది. చూసినవాళ్లకు ఏమీ కనబడదు.

బావ చేతిలో ఇంగ్లీషు పుస్తకం ఉంది. మల్సూర్ చేతికి గ్రీజు ఉంది. బావ మాట ఎడమవైపు రాశాను.

26 జూన్, ఆదివారం

కోదాడలో పని పూర్తయింది. దిమ్మెలు బిగించింది మల్సూరే. "నువ్వు చెయ్యమన్నవ్, చేసిన. మంచిగుందని మాత్రం నాతోని అనిపియ్యకు" అన్నాడు. బావకు కోపం వచ్చింది. పనివాడి నోరు అదుపులో పెట్టుకోమని నాకు చెప్పాడు. నేను మల్సూర్ వైపు కోపంగా చూశాను. బావ చూస్తున్నాడు కాబట్టి చూశాను.

జీపు ఒంటెలా ఉంది. మా ఆవిడ ఆండాళు ఎక్కబోయి కాలు అందక దిగిపోయింది.

3 జూలై

తోలడం వచ్చేసింది. మలుపుల్లో బండి కొంచెం ఊగుతోంది. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోంది. పైకెత్తడం వల్ల కింది రాడ్లు వంకర పడ్డాయని మల్సూర్ అన్నాడు. అలవాటవుతుందిలే అన్నాను.

10 జూలై, ఆదివారం

రేపు ట్రయల్. మిర్యాలగూడ నుంచి మాడుగులపల్లి దాకా. బావ కూడా వస్తున్నాడు.

13 జూలై

చేయి వణుకుతోంది. రాయలేను.

15 జూలై, శుక్రవారం, ఉదయం

రాస్తే తప్ప ఊపిరి ఆడేలా లేదు.

సోమవారం మిర్యాలగూడలో రైస్ మిల్లుల ముందు జీపు ఆపితే అందరూ చుట్టూ మూగారు. స్టీరింగ్ దగ్గర మల్సూర్ ఉన్నాడు. "ఓనర్‌వి నువ్వా, అతనా?" అని బావ నవ్వాడు. అందరూ నవ్వారు. మల్సూర్‌ను కుడిపక్క సీట్లోకి జరగమని నేను ఎక్కాను. వెనక బెంచీ మీద బావ. మాడుగులపల్లి మంత్రసాని దుర్గమ్మ కాన్పు చేసి ఇంటికి పోతూ, తననూ ఎక్కించుకొమ్మని అడిగితే ఆమెనూ ఎక్కించుకున్నాం.

మాడుగులపల్లికి కోసు దూరంలో వాగు. వాన వెలిసి గంటే అయింది. గట్టు జారుడుగా ఉంది. ఫ్యాన్ బెల్ట్ విప్పుతా ఆపమన్నాడు మల్సూర్. ఇంత ఎత్తు లేపింది మళ్లీ బెల్ట్ విప్పడానికా అని వెనక నుంచి బావ అన్నాడు. ఆపలేదు.

"సేటూ, తిన్నగ దింపు. వాలుకు అడ్డం తిప్పకు."

ఈ మాట నాకు స్పష్టంగా వినపడింది. వినపడలేదని రాసుకోవడానికి కూడా వీల్లేదు. తిన్నగా చూస్తే బావిలోకి దిగుతున్నట్టుంది. భయం వేసింది. భయపడ్డానని బావకు తెలియకూడదనుకున్నాను. ఆపలేదు, దిగి మల్సూర్‌కు ఇవ్వలేదు. ఎడమవైపు వాలు తక్కువ ఉన్నట్టు కనిపిస్తే అటు తిప్పాను. నా వైపు చక్రాలు నేల విడిచాయి. ఉయ్యాలలా మెల్లగానే లేచింది బండి.

కుడివైపుకు బోల్తా పడింది. స్టీరింగ్ నా ఛాతీకి గుద్దుకుంది. బావ, దుర్గమ్మ బురదలో పడ్డారు. మల్సూర్ కుడిచెయ్యి కప్పు కమ్మీకీ బండరాయికీ మధ్య నలిగిపోయింది.

అతను కేక పెట్టలేదు. "ఇంజన్ బంద్ చెయ్యి సేటూ, పెట్రోల్ కారుతున్నది" అన్నాడు. నాకు స్విచ్ ఎక్కడుందో గుర్తు రాలేదు. చేయి ఇరుక్కుని ఉండగానే, ఎడమచేత్తో తడిమి తనే ఆపాడు.

పొలాల్లోని వాళ్లు వచ్చి బండి ఎత్తారు. మిర్యాలగూడ దవాఖానాలో మూడు వేళ్లు తీసేశారు.

ఇంకొకటి రాయాలి. దీనికోసమే కూర్చున్నాను.

దవాఖానా వరండాలోకి ఠాణా అమీన్ వచ్చాడు. కమ్యూనిస్టుల కోసం అడవులు గాలిస్తున్న ఈ రోజుల్లో పోలీసంటే అందరికీ వణుకే. బండి ఎవరు తోలుతున్నారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు బావ, "డ్రైవర్ మల్సూర్ అండి. లైసెన్స్ అతనికే ఉంది" అన్నాడు. అమీన్ నా వైపు తిరిగి, ఔనా అన్నాడు.

ఔను అన్నాను.

ఉర్దూలో రాసిన పంచనామా కింద సంతకం పెట్టాను. చేయి అప్పుడు వణకలేదు.

17 జూలై, ఆదివారం

ఆండాళు ఛాతీకి కాపడం పెడుతూ ఆగిపోయింది. చర్మం మీద సగం చక్రం నల్లగా కమిలి ఉంది. వేలితో ఆ గీత వెంట ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తడిమింది. గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి మాట్లాడలేదు.

18 జూలై

బావ కబురు పంపాడు. తొందరపడొద్దట, అంతా సర్దుకుంటుందట. ఇది కూడా సలహానే. ఏ వైపు రాయాలో ఇప్పుడు తెలుసు. తెలిసీ ఇంట్లోనే కూర్చున్నాను.

20 జూలై, బుధవారం

మల్సూర్ భార్య పద్మమ్మ మిర్యాలగూడ నుంచి వచ్చింది. నేను కొట్టు వెనక గదిలోకి పోయాను. ఆండాళు వచ్చి, బయటికి రమ్మని చూపుతోనే చెప్పింది.

పద్మమ్మ తిట్టడానికి రాలేదు. గాయం ఆరకముందే మల్సూర్‌ను దవాఖానా నుంచి ఠాణాకు తీసుకుపోయారట. మిలిటరీలో చేశావు గదా, తుపాకి ఎక్కడ దాచావు, అడవిలో ఎవరికి ఇచ్చావని అడుగుతున్నారట. బోల్తా సంగతి పక్కకు పోయి ఇదొచ్చి పడింది. మీరొచ్చి మంచి మనిషని ఒక్క మాట చెప్పండని నన్ను బతిమాలింది.

ఏమన్నాడు మల్సూర్ అని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"పరేషాన్ గాకు, సేటు అచ్చి చెప్తడులే అంటుండయ్యా. రోజు గదే మాట."

ఆమెకు అసలు సంగతి తెలియదు. అతను సొంత భార్యకు కూడా చెప్పలేదు. నేను చెప్పడానికని అట్టిపెట్టాడు.

21 జూలై

పోలేదు. జ్వరమని చెప్పాను. జ్వరం లేదు.

24 జూలై, ఆదివారం

ఆండాళు ఉదయమే ఉతికిన ధోవతి, చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. వారం తర్వాత మొదటి మాట. "మీరు పోతరా, నన్ను పొమ్మంటరా?"

బస్సులో మిర్యాలగూడ పోయాను. అమీన్ ఠాణా ముందు చెట్టు కింద గడ్డం గీయించుకుంటున్నాడు. నిలబడే చెప్పాను. తోలింది నేను. లైసెన్స్ లేదు. అతను వద్దన్నాడు, నేను తిప్పాను.

అమీన్ ఆశ్చర్యపోలేదు. సగం గడ్డం నురగతోనే అన్నాడు. "స్టీరింగ్ ఎడమ దిక్కున్నది. వాని చెయ్యి కుడి దిక్కు నలిగింది. మాకు కండ్లు లేవా సేటూ? మంత్రసాని కూడ గా దినమే చెప్పింది. నువ్వు ఔనన్నవ్, రాసుకున్నం. ఇప్పుడు కాదంటున్నవ్, గదీ రాసుకుంటం."

నా అబద్ధం ఎవరినీ మోసగించలేదు. అది నా నోట్లోంచి వచ్చింది కాబట్టి చెల్లింది. అంతే.

కేసు నా మీదికి మారింది. కోర్టు తారీఖు ఇచ్చారు. షావుకారు వచ్చి అతని తరఫున నిలబడ్డాక తుపాకి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సాయంత్రానికి మల్సూర్‌ను వదిలారు.

కట్టుకట్టిన చేతిని ఛాతీకి ఆనించుకుని బయటికి వచ్చాడు. చిక్కిపోయాడు. నేను చేతులు జోడించాను. చూసి, తల తిప్పుకున్నాడు. జీపు నువ్వే ఉంచుకో, నీ పేర రాయిస్తానన్నాను.

"గా బండి నాకద్దు" అన్నాడు. కొంచెం దూరం పోయి ఆగాడు. "దినాం తలుపు దిక్కు సూసిన సేటూ. పదమూడు దినాలు."

పద్మమ్మ అతని వెనకే నడిచింది. ఆమె నావైపు చూసిన చూపు గురించి రాయను.

7 ఆగస్టు, ఆదివారం

మల్సూర్ మిర్యాలగూడలో మిల్లుల పక్కన చిన్న షెడ్డు వేసుకున్నాడట. ఎడమచేత్తో పానా పట్టడం నేర్చుకుంటున్నాడట. బండ్లు మాత్రం రావడం లేదు. జీపును బోల్తా కొట్టించిన డ్రైవరని కోదాడ నుంచి సూర్యాపేట దాకా పాకిపోయింది. ఠాణా కాగితంలో మారింది, జనం నోళ్లలో మారలేదు.

14 ఆగస్టు, ఆదివారం

పాలకీడు నుంచి మట్టయ్య అనే రైతు వచ్చాడు. డిస్పోజల్ లారీ కొన్నాడట, నా జీపు గురించి విని సలహాకు వచ్చాడు. ఎత్తు లేపుదామనుకుంటున్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దో మల్సూర్ చెప్పినదంతా చెప్పి, నా మాట కాదు, మిర్యాలగూడ పోయి అతన్నే అడుగు, అతను వద్దన్నది చెయ్యకు అన్నాను.

"గాయన బండి బోల్తా కొట్టిచ్చిండట గదా?"

"కొట్టించింది నేను. అతను వద్దంటున్నా తిప్పాను. అబద్ధం చెప్పి అతన్ని ఠాణాలో పెట్టించాను."

 మట్టయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "పనోని తప్పు నెత్తి మీదేసుకుంటున్నవ్. పెద్ద మనసు సేటూ నీది" అని పోయాడు.

వాకిట్లోకి పరుగెత్తి, కాదు మట్టయ్యా, నిజంగానే నేను అని అరిచాను. ఎడ్ల గంటల చప్పుడులో వినపడిందో లేదో. ఎదురుకొట్టు వాళ్లు మాత్రం లేచి చూశారు.

28 ఆగస్టు, ఆదివారం

ఈ రోజు కొట్టుకు వచ్చిన ఐదుగురికి, బండి తోలింది నేనేనని చెప్పాను. నలుగురు నమ్మలేదు. ఐదో ఆయన నమ్మాడు. నమ్మి, తూకానికి పెట్టిన పెసల మూట మళ్లీ భుజానికెత్తుకుని, నీకు అమ్మను అని వెళ్లిపోయాడు.

బోల్తా పడిన రోజు తర్వాత మొదటిసారి ఆకలి వేసింది. లోపలికి పోయి అన్నం పెట్టమన్నాను.