కోత కూలికి ఎత్తిన చెయ్యి

ఫిబ్రవరి 10
మబ్బు. ఎండ రాలేదు. పొద్దున మిరప చేలో కలుపు తీశాం. కాయ ఎర్రబడింది, కోత మొదలెట్టాలి. తడిస్తే రంగు పోతుంది. సాయంత్రం రైతులం గోడౌన్ దగ్గర కూర్చుని ఈ ఏటి కోత కూలి రేటు కట్టాం — నిరుటిదే. ఏ రైతైనా ఎక్కువిస్తే ఊరికి జరిమానా కట్టాలి. రెండింటికీ చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

ఫిబ్రవరి 11
ఆటోలో మైకు పెట్టి రేటు చెప్పించారు. కాసేపటికే కూలీల ముఠా మేస్త్రి మరియమ్మ మా గుమ్మం ముందు. ఏటా మా కోత వాళ్ళదే.
"మా కూలి కట్టేప్పుడు మమ్మల్ని పిలవరేం బాబాయ్?"
"ఎప్పుడు పిలిచాం?" అన్నాను.
నవ్వింది. "ఎమ్మెల్యేల జీతం అసెంబ్లీలో ఎమ్మెల్యేలే పెంచుకుంటారంట, టీవీలో చెప్పారు. మా కూలికేమో మీరు చేతులెత్తుతారు. మా చేతులు కాయ కొయ్యటానికేనా?"
నిరుటి మీద కాస్త పెంచమని అడిగి వెళ్ళింది. ఆమె అడిగింది పెద్ద రేటేం కాదు.

ఫిబ్రవరి 12
కోసిన కాయ మీద కప్పే పట్టాల కోసం నందిగామ బయల్దేరాను. బస్సులో బావ కలిశాడు. పక్కూరి సర్పంచి గదా, తెలుస్తుందని ఎమ్మెల్యేల జీతం సంగతి అడిగాను. నిజమేనట.
"చట్టం వాళ్ళదే, సవరణా వాళ్ళదే. ఆ ఒక్కరోజూ పార్టీలు కొట్టుకోవు."
"మరి నీ జీతం?"
"నాది జీతం కాదు బావా, గౌరవ వేతనం. పైనుంచి జీవో వస్తే పెరుగుద్ది. నన్నడిగేదెవరు?"
ఎమ్మెల్యే, సర్పంచి ఇద్దరూ ఓట్లతో గెలిచినవాళ్ళే. ఒకరిది వాళ్ళ చేతిలో, ఒకరిది కాదు... ఎందుకో తేలలేదు.

ఫిబ్రవరి 13
చినుకులు. పట్టాలు విప్పలేదు. కాయ చెట్టు మీదే.

ఫిబ్రవరి 14
అన్నం దగ్గర మళ్ళీ కూలి మాటే.
"గుంటూరు మిర్చి యార్డులో నా కాయకు నన్నడిగి రేటు కడుతున్నారా?" అన్నాను.
"ఆ మాట మరియమ్మతో అనకండి, నవ్వుద్ది," అంది మా ఆవిడ. "అడిగింది ఇచ్చెయ్యండి."
"జరిమానా?"
"మళ్ళీ కూర్చోబెట్టండి అందర్నీ. ఎత్తిన చెయ్యి దించలేరా?"
గోడౌన్ దాకా వెళ్ళాను. లోపల నలుగురున్నారు. ఏమని మొదలుపెట్టాలి... వాన గురించి మాట్లాడి వచ్చేశాను.

ఫిబ్రవరి 15
మబ్బు అలాగే ఉంది. పొద్దున్నే మరియమ్మ ఇంటికి వెళ్ళాను — ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు. తలుపుకు తాళం. ముఠా అంతా తెల్లారకముందే ఆటోల్లో మధిర వైపు కోతలకు వెళ్ళిపోయిందని పక్కింటివాళ్ళన్నారు.