పదమూడో బొమ్మ

జూన్ 4

ఆ రోజు మా ఆవిడ ఆరింటికి లేచింది. టీ పెట్టింది. పేపరు నాకిచ్చి లోపలి పేజీలు తను తీసుకుంది. ఎనిమిదిన్నరకు ఆస్పత్రికి బయల్దేరాం. ఏటా చేయించుకునే చెకప్పే. లిఫ్ట్ పనిచేయలేదు. మూడంతస్తులు దిగాం. నేను ముందు, తను వెనక. గేటు బయట టాక్సీ ఆపి వెనక్కి తిరిగాను. త్వరగా రా అన్నాను. వస్తున్నాగా, డాక్టరేమైనా పారిపోతాడా అంది. పదిన్నరకు స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చుని, ఛాతీ పట్టేసినట్టుందంది. పదకొండూ నలభైకి పోయింది.

ఇది క్లాసు కోసం రాశాను. గడిచిపోయిన ఏదైనా ఒక రోజును వరుసగా రాసుకు రండి, ఏమనిపించిందో వద్దు, ఏం కదిలిందో రాయండి అన్నాడు మాస్టారు. చదువుకున్నాను. ఇవ్వలేదు. ఒక బస్సు ప్రయాణం కల్పించి ఇచ్చాను. కదలికలు బాగా పట్టారు సార్ అన్నాడు.

జూన్ 6

ఈ యానిమేషన్ కోర్సులో నన్ను చేర్పించింది అమ్మాయి. ఇలాగే ఇంట్లో కూర్చుంటే గోడలు కూడా నీతో విసిగిపోతాయి నాన్నా అంది. ముప్పై రెండేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా వంతెనలు గీశాను. గీత వణకదు. అదొక్కటే నా అర్హత. క్లాసులో పదకొండు మంది. నా తర్వాత పెద్దవాడికి నా వయసులో సగం కూడా ఉండదు. మాస్టారు నన్ను సార్ అంటాడు, నేను ఆయన్ని సార్ అంటాను. ముందు మీ ఇద్దరిలో ఎవరు సారో తేల్చుకోండి అంకుల్ అంది పక్క సీటులోని హెడ్‌ఫోన్ల పిల్ల.

జూన్ 13

చరిత్ర క్లాసు. సినిమా పుట్టకముందే, చుట్టూ సన్నటి చీలికలున్న డ్రమ్ములో బొమ్మలు పెట్టి తిప్పేవారట. చీలికలోంచి చూస్తే బొమ్మ గెంతుతుంది. పైనుంచి చూస్తే అంతా అలుక్కుపోతుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య కాసింత చీకటి ఉండాలి సార్, అప్పుడే కదులుతుంది అన్నాడు మాస్టారు. ఎందుకని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ చెప్పాడు. అర్థమైనట్టు తలూపాను.

తర్వాత గుర్రం సంగతి. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడుస్తాయా లేదా అని, నూటయాభై ఏళ్ళ కిందట వరుసగా కెమెరాలు పెట్టి తేల్చారు. విడుస్తాయి. కానీ చిత్రకారులు వేసినట్టు కాళ్ళు చాచినప్పుడు కాదు, ముడిచినప్పుడు. అన్ని వందల ఏళ్ళు వాటి మీదే తిరిగారు. ఎవరికీ కనబడలేదు.

జూన్ 20, సాయంత్రం 5

అసైన్‌మెంట్: నడక. మీకు బాగా తెలిసిన మనిషిని వేయండి. పక్కనుంచి. పన్నెండు బొమ్మలు. ఆగకుండా తిరిగి తిరిగి ఆడాలి.

తననే ఎంచుకున్నాను. నాకు బాగా తెలిసింది ఇంకెవరు.

ముఖం వచ్చింది. జుట్టుముడి వచ్చింది. చేతిసంచీ వచ్చింది. కాళ్ళు రాలేదు. మాస్టారు ఆడించి చూశాడు. ఈవిడ నడవట్లేదు సార్, మీరు లాక్కెళ్తున్నారు అన్నాడు.

జూన్ 21

ఇవాళా కాళ్ళు రాలేదు.

జూన్ 27

వాళ్ళనీ వీళ్ళనీ అడిగాను. మరదలు, అక్క సంగతి తెలియనిదేముంది, తాబేలు అంది. అమ్మాయి, అదేం మాట, అమ్మతో నడవాలంటే నేను పరిగెత్తేదాన్ని అంది. ఒకే మనిషి గురించే చెప్తున్నారా అని అనుమానం వచ్చింది. కింది ఫ్లాటు పెద్దావిడనీ అడిగాను. ఇరవయ్యేళ్ళు బాల్కనీలోంచి చూశాను బాబూ, నువ్వు ఇంజను, ఆవిడ గార్డు పెట్టె, మధ్యలో పెట్టెలే లేవు అంది. నవ్వాను. లిఫ్టు ఎక్కాక నవ్వు పోయింది.

జూన్ 28

ఎప్పుడూ నేనే ముందు.

జూలై 2

తన చెప్పులు సంచీలో వేసుకుని, చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్ళాను. అమ్మాయివి పట్టీ తెగితే అవీ వేశాను. రెండు జతలూ తిరగేసి, తల్లీకూతుళ్ళా అన్నాడు. ఎలా తెలిసిందన్నాను. కుడి మడమ బయటి అంచు చూపించాడు. రెండిట్లోనూ అక్కడే అరిగింది. కాలు వేరైనా అడుగు ఒకటే సార్ అన్నాడు. ఏ జత బాగుచేయమంటారని అడిగాడు.

రెండూ అన్నాను.

జూలై 5

కుడి మడమ మీద బరువు వేసి మొత్తం మళ్ళీ గీశాను. ఈసారి నడిచింది. కానీ రెండడుగులకోసారి ఎక్కడో తట్టుకుంటోంది. ఆవిడ ఆగి ఎవర్నో చూస్తోంది అంకుల్ అంది హెడ్‌ఫోన్ల పిల్ల. మాస్టారు కాగితాలు లెక్కపెట్టాడు. పదమూడు. నడక మళ్ళీ మొదటికి రావాలి కదా అని చివర మొదటి బొమ్మే ఇంకోసారి వేశాను. అది వేయకూడదట. పన్నెండు తర్వాత ఒకటి దానంతటదే వస్తుంది. ఒకే బొమ్మ రెండుసార్లు పడితే మనిషి ఆగినట్టుంటుంది. కొత్తవాళ్ళందరూ చేసే తప్పే, తీసేసి సోమవారం ఇచ్చేయండి అన్నాడు.

తీయలేదు. ఆ ఆగడం నాకు తెలుసు. మొత్తం నడకలో నాకు తెలిసింది అదొక్కటే. తప్పుగా వేసింది ఎలా తెలిసినట్టుంటుంది.

జూలై 6, ఉదయం

అమ్మాయికి చూపించాను. నాలుగైదుసార్లు ఆడించింది. అవును, నువ్వు వెనక్కి తిరిగినప్పుడల్లా అమ్మ ఇలాగే ఆగేది కదా అంది. ఎందుకని అడిగాను. నడుస్తూ కనబడితే ఇంకా త్వరగా రమ్మంటావు, ఆగితే ఆయాసపడుతోందనుకుని నువ్వే నిదానిస్తావు, నాకూ అదే నేర్పింది అంది. నవ్వుతూనే అంది. టవల్ తీసుకుని స్నానానికి వెళ్ళింది.

అంటే నేను చూసినప్పుడల్లా ఆగి ఉంది. చూడనప్పుడు నడిచింది. ముప్పై ఒక్క ఏళ్ళు.

ఆ రోజు గేటు దగ్గర తిరిగి చూశాను. ఆగిందా, వస్తూనే ఉందా. జూన్ 4 పేజీ తీసి చూశాను. రాయలేదు.

జూలై 6, సాయంత్రం

పదమూడో కాగితం విడిగా తీశాను. చింపలేదు.

రేపు ఎనిమిదింటికి అమ్మాయి ఆఫీసుకు బయల్దేరుతుంది. బస్‌స్టాపు దాకా వెనక నడుస్తాను. పిలవను.