పొట్టేలు మందు

పరిగి,
12-2-1961

చిరంజీవి శివయ్యకు నాయిన దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అవ్వ, గొర్లు అందరం మంచిగనే ఉన్నం. నువ్వు కూడ మంచిగున్నవని రాసుడు రివాజు. మంచిగలేనని నువ్వే రాసినవు గనుక ఆ మాట రాస్తలేను.

ఎప్పటి లెక్క ఏసుదాసు పంతులుతోని రాయిస్తలేను. ఆయన నేర్పిన అక్షరాలతోని నేనే రాస్తున్న, తప్పులుంటె సర్దుకో. నీ కవరు వచ్చిన నాడు చదివి పెడతనని పంతులు చెయ్యి చాపిండు. "నాయిన ఒక్కడే చదవాలె" అని పైన ఉన్నది చూసి మళ్ల నా చేతులనే పెట్టిండు. మంద కాడ కూర్చుండి కూడబలుక్కుంట చదివిన. పొద్దు నెత్తిమీదికొచ్చింది. కన్నతల్లి గద, ఏం రాసిండని మీ అవ్వ అడిగితె, తాండూరుల చలి తగ్గిందట అన్న.

ఇంటికాడ ముచ్చట్లు జర చెప్త. నల్లచెవుల గొర్రె రెండు పిల్లలు పెట్టింది. మర్పల్లి నుంచి పిల్లనిచ్చేటోళ్లు వచ్చి పోయిండ్రు. ఇంద్రమ్మ నెమ్మదైన పిల్ల, మీ అవ్వకు మస్తు నచ్చింది. నువ్వేమో పెండ్లి వద్దని చెప్పుమన్నవు. ఎందుకు వద్దో కూడ రాసినవు. నేను వాళ్లకు ఇంకా ఏం చెప్పలేదు. చెప్పను కూడ.

నువ్వు రాసిన చిట్టి పట్టుకొని బుధవారం వికారాబాద్ దవాఖానకు పోయిన. డాక్టరు ముంగట కూర్చున్న. నీ చిట్టే చదివి వినిపించిన. ఆయన నవ్వలేదు. మొగోళ్లు అందరు మనసుల పెట్టుకొని కుములుకునేటియి గివేనయ్యా, అడిగేటోళ్లే తక్కువ అన్నడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

నిద్రల బట్ట తడిస్తె ఒంట్ల బలం పోతదని బండల గనికాడ సోపతిగాళ్లు అంటున్నరన్నవు. అది ఉత్త మాట. వయసొచ్చిన మొగోళ్లకు అయ్యేదే. బండలు మోసి సరిగ తినకుంటె బలం పోతది గాని దాంతోని పోదు. నీళ్లు పోసుకునేటప్పుడు పక్కోన్ని చూసి నాది చిన్నగున్నదని పరేషాన్ అయితున్నవట. చల్లనీళ్లకు, భయానికి ఎవనిదైన ముడుచుకుంటది. పక్కోన్ని చూసుడు బంద్ చెయ్యమన్నడు డాక్టరు.

ముందు తోలు కింద తెల్లగ పేరుకునేది రోగం కాదు. రోజు స్నానం చేసేటప్పుడు తోలు నొప్పి లేకుంట ఎంత ఎనకకు పోతె అంతే జరుపాలె. ఉత్త నీళ్లతోని కడిగి, మెల్లగ తుడిచి, మళ్ల ముందుకు తేవాలె. బట్టల సబ్బు పెట్టొద్దు. నీ చేతులకు బండల పొడి ఉంటది, అవి ముందు కడుక్కో.

ఇగ నీ అసలు ఫికర్. తోలు ఎనకకు పోతలేదు, పగుళ్లు వచ్చి వాచిందన్నవు. బలవంతంగ గుంజొద్దు కొడుకా. పగిలి మానినకొద్ది ఇంకింత బిగుసుకుంటదట. ఒకవేళ ఎనకకు పోయి అక్కడనే ఇరికి వాచితె ఒక్క పూట కూడ ఆగొద్దు. ఒంటికి పోసుడు, డాక్టరు మాటల మూత్రం, ఆగినా, జ్వరమొచ్చినా అంతే, ఉరికి దవాఖానకు పోవాలె. చక్కెర రోగమున్నోళ్లకు మాటిమాటికి గిట్ల పగుళ్లు వస్తయట, అది కూడ చూస్తమన్నడు. కొందరికి మలాముతోని తగ్గుతది, కొందరికి చిన్న కోత. మన ఊరి సాయెబుల పిల్లలందరికి ఆ కోత చిన్నప్పుడే అయితది, మూడోనాటికి గల్లీల ఉరుకుతరు.

అంగట్ల ఒకడు పసరు ఇస్తనన్నడని రాసినవు. కొన్నవా? కొంటె పారెయ్యి. నీ కాళ్లు మొక్కుత, అది పెట్టుకోకు.

నీ ఆఖరి మాటకు జవాబు ఇప్పటిదాక దాటేసిన. "చిన్నాయిన దేనితోని పోయిండు నాయినా, మన ఇంటి మొగోళ్లకు ఏమన్న శాపమున్నదా" అని అడిగినవు. నా తమ్ముడు బీరన్న జ్వరమొచ్చి పోయిండని నీకు చెప్పిన, ఊరందరికి గదే చెప్పిన. అది అబద్ధం.

పొట్టేళ్లను వెల్లకిల పండబెట్టి నేను చూసేది నీకు తెలుసు. ఒంటికి పోసే జాగల బొచ్చు అతుక్కుంటె కత్తిరిస్త, పుండుంటె కడుగుత. ఒక్కదాన్ని విడిచిపెట్టను. పోలీసు యాక్షన్ అయిన ఏడు గట్లనే చూస్తుంటె, కాళ్లు పట్టుకున్న బీరన్న మెల్లగ అన్నడు, "అన్నా, నాది కూడ జర చూడవా?" వానికి పెండ్లయి నాలుగు నెలలు. "నువ్వేమన్న పొట్టేలువారా?" అని నవ్విన. వాడు కూడ నవ్విండు. నెల దాటినంక మళ్ల అడిగిండు. ఇక్కడి హకీం సాబుకు చూపించిన. చిన్న కోత పెడితె అయిపోతది అన్నడాయన. సాయెబుల కోత పెట్టించిండని కులపోళ్లు ఏమంటరో, అత్తగారోళ్లు ఏమంటరో అని వాన్ని మర్లేసుకొని వచ్చిన.

ఇంటికి తెచ్చి నేనే వైద్యం చేసిన. గొర్ల గిట్టలకు పుండ్లయితె పెట్టే మైలుతుత్తం నూరిన. పొట్టేలును పట్టినట్టు వాని కాళ్లు మోకాళ్ల కింద పెట్టుకొని, బలవంతంగ తోలు గుంజి పెట్టిన. "మండుతుందే అన్నా" అన్నడు. ఓర్చుకొమ్మన్న. వాడు గొంగడి నోట్ల కుక్కుకున్నడు.

తొమ్మిది దినాలు బతికిండు. ఒంటికి ఆగిపోయింది. వికారాబాద్ తోలుకపోవే అని బతిమాలిండు. తొవ్వలు బంద్ ఉన్నయని అందరికి చెప్పిన. తొవ్వలు బంద్ లేవు కొడుకా. బండ్లు పోతనే ఉండె. నేను పెట్టిన మందు సంగతి వాడు డాక్టరుకు చెప్తడని భయపడ్డ.

వాడు పోయినంక మీ చిన్నమ్మ శంకరమ్మ అడుగుపెట్టిన గడియ మంచిది కాదని ఊరంత అన్నది. నేను అక్కడనే నిలబడి విన్న, నోరు తెరవలేదు. ఆమె కుల్కచర్లకు పోయి ఇప్పటికి తల్లిగారింట్లనే ఉన్నది. నీ పని అయినంక పోయి ఆమెకు కూడ గిదంత చెప్పాలె.

పదమూడేండ్లయింది. పొట్టేలు కాళ్లు పట్టుకున్నప్పుడల్ల వాడు కనబడుతడు. పట్టపగలే, మంద నడుమల. తొడలు ఎడంగ పెట్టి మెల్లగ నడుస్తడు. కోపం చెయ్యడు, అదే నాకు భయం. గోడకున్న గొంగడి వానిదే. తమ్మునిమీద ప్రేమతోని, పావురంతోని దాచుకున్ననని మీ అవ్వ అనుకుంటది. దాని అంచుకు వాడు కొరికిన పండ్ల గాట్లున్నయి. చిన్నప్పుడు నువ్వు అవే బొక్కలల్ల వేళ్లు పెట్టి ఆడుకునేటోనివి. నేను చూడలేక బయటికి పోయేటోణ్ణి.

శాపం లేదు, ఏం లేదు. ఎంతమందికో ఉండేదే అన్నడు డాక్టరు. ఇంకొక్క మాటున్నది, అది ఎవ్వరికి చెప్పలేదు, మీ అవ్వకు కూడ. నీకున్న బాధే నాకు కూడ ఉన్నది, నీ వయసు నుంచి. బీరన్న అడిగిన నాడు నేను నవ్వింది తెల్వక కాదు, తెలుసు గనుకనే నవ్విన. మొన్న డాక్టరు నా మొఖం చూసి, "కొడుకుకేనా, నీకేమన్న ఉన్నదా?" అని అడిగిండు. "లేదు సారూ" అన్న. యాభై ఏండ్లు వచ్చినా గదే అబద్ధం. బస్సెక్కినంక ఏడ్చిన.

వచ్చే సోమవారం, ఇరవై తారీఖు, పొద్దుగాల బండికి వికారాబాద్‌ల దిగు. నేను స్టేషన్ల ఉంట. దవాఖాన బయట బల్ల ఉన్నది, నువ్వు దానిమీద కూర్చో. ముందు నేను లోపలికి పోయి చూపించుకుంట. నేను బయటికి వచ్చి నీ పక్కన కూర్చున్నంక నువ్వు పో.

ఇట్లు,
నీ నాయిన,
బీరన్నకు అన్న,
చెన్నయ్య