గాలి తండ్రి పేరు

మెదక్, 14 మే 1963

ఫారెస్టు రేంజి ఆఫీసరు దామోదర్ సారుకు పింఛన్ పంతులు యోసేపు దండాలు.

మొన్న గాలి మా గుట్ట కింది అడవిల నలభై చెట్లు పడగొట్టింది. దవాఖానకు, పీనుగులను బొందపెట్టే బొందలగడ్డకు పోయే బాట మూసుకపోయింది. మేం ఎనిమిది మందిమి, ఎవ్వరు చెప్పకున్నా, రోజు పొద్దుగాల రంపాలు తీస్కపోయి బాట సాఫ్ చేస్తున్నం. కట్టె ఒక్కటి గూడ ఇంటికి తెస్తలేం. ఇరిగి వేలాడే చెట్లు గూడ కొట్టాలె. జర ఇజాజత్ ఇయ్యుండ్రి.

మీ యోసేపు

తా.క.: మా అందర్ల పెద్దోడు బక్కయ్య. డెబ్బై ఏండ్లు. కోసే ముందు చెట్టుకు దండం పెడ్తడు, కోసినంక తిడ్తడు.

---

17 మే

శ్రీ యోసేపు గారికి,

గాలి అను స్త్రీ నలభై చెట్లు పడగొట్టినట్లు మీరే వ్రాసియున్నారు. ఆమె తండ్రి లేక భర్త పేరు, గ్రామము తెలుపవలెను. అంతవరకు ఎవరూ రంపము పట్టరాదు.

ఇట్లు, దామోదర్, రేంజి ఆఫీసరు

తా.క.: చెట్లను తిట్టుటకు సైతము బక్కయ్య అనుమతి పొందలేదు.

---

19 మే

దామోదర్ సారూ, మంచిగున్నరని తలుస్తున్న.

గాలి ఆడమనిషి కాదు, మొగమనిషి కాదు. వానతోని వస్తది చూడుండ్రి, గా గాలి! మీ కాగితం చూసి రంపాలు పక్కకు పెట్టినం. బక్కయ్యకు జ్వరం పట్టింది. బాట లేక దవాఖానకు ఆరు మైళ్లు చుట్టు తిరగాలె. జల్ది జవాబియ్యుండ్రి.

పరేషాన్‌ల ఉన్న యోసేపు

తా.క.: గాలికి మొగడుంటే గిట్ల తిరగనిస్తడా అని మా ఇంటామె నవోమి అడుగుతుంది.

---

22 మే

శ్రీ యోసేపు గారికి,

నిందితురాలు వానతో కలసి వచ్చినట్లు తెలిపినారు. వాన పేరు కూడా చేర్చబడినది. ఇద్దరూ పరారీలో ఉన్నందున నిలుపుదల కొనసాగును. శనివారము స్వయముగా విచారణకు వచ్చెదను.

ఇట్లు, దామోదర్, రేంజి ఆఫీసరు

తా.క.: బక్కయ్యను సాక్షిగా హాజరుపరచవలెను.

---

24 మే

సారూ,

బక్కయ్య సాక్షిగ రాడు. ఇయ్యాల పొద్దుగాల జ్వరం ముదిరింది. చుట్టు తిప్పే టైం లేక మంచంల ఏసుకొని చెట్ల మీదికెల్లి దాటించినం. నాలుగో చెట్టు కాడ "పంతులూ, దించు. దీనికి దండం పెట్టలే" అన్నడు. దించినం. గక్కడనే పోయిండు.

రేపు ఆయనను తీస్కపోనీకి బాట కావాలె. మేం రంపం పడుతున్నం.

యోసేపు

తా.క.: పట్టుకపోతె పట్టుకపోండ్రి. మట్టి పోసినంక పట్టుకపోండ్రి.

---

27 మే

యోసేపు గారూ,

ఇది ఆఫీసు కాగితం కాదు. శనివారం నేను వచ్చాను. మొదటి దుంగ దగ్గరే మీ నవోమమ్మ, "నిలవడి చూస్తవేంది? గా కొస పట్టు" అని రంపం చేతికిచ్చింది. నేనెవరో చెప్పుకునే ధైర్యం లేకపోయింది. బాట తెరుచుకునేదాకా లాగాను. పాడె వెనక చివరగా నడిచింది నేనే.

ఇంకొకటి చెప్పాలి. గాలి అంటే ఏమిటో, నా మొదటి కాగితం పోయిన రోజే మా గుమాస్తా చెప్పాడు. నవ్వులపాలవుతానని ఒప్పుకోలేక రెండోది రాశాను. ఆ రెండోది రాయకుండా ఉంటే మీ బాట అప్పటికే తెరుచుకుని ఉండేది.

అనుమతి దీనితో పంపుతున్నాను. మిగిలిన చెట్లకైనా పనికొస్తుంది.

దామోదర్

తా.క.: నాతో రంపం లాగింది బక్కయ్య కొడుకు ఎల్లం. "ఏం పని చేస్తవ్ సారూ?" అని అడిగాడు. అడవి పనే అన్నాను. "మరి రంపం పట్టుడు గూడ రాదేంది?" అని నా చెయ్యి పట్టుకొని నేర్పించాడు.