చూరులో ఉన్న తెడ్డు

చెంగయ్యా,

మీ అన్న సరస్సులో మునిగిపోయిన నాడు ఒడ్డున బోర్లించిన మన పడవను పందెం క్లబ్బువాళ్లు తిరగేసి తారు పూశారు. పులుసు వేడి చేసుకుని తిని, రేవుకు వెళ్లి చూడు. ఈ ఏటి పడవ పందెం వసూళ్లతో వేటకు పోయేవాళ్లందరికీ లైఫ్ జాకెట్లు కొంటారట. వారం నుంచి వేట మానుకుని మరీ పనిచేస్తున్నారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

పందెం తెడ్డును పడవ ఎవరిదైతే ఆ ఇంటి ఇల్లాలే, నడిపేవాడి చేతికి అందించాలి గదా. నేనిప్పుడు ముత్తైదువను కానన్నాను. క్లబ్బు ప్రెసిడెంటు చిన్నపోలయ్య మామ కసిరినాడు: "నువ్వు ఇయ్యకుంటే ఆ పడవ నీళ్లల్లో దిగదు, టీచరమ్మా."

బడి నుంచి వచ్చాక నీ చేతికే ఇస్తాను. కాదనవద్దు.

వదిన

తా.క.: తెడ్డు చూరులోనే ఉంది. నాకు అందే ఎత్తే. ఇంకా దించలేదు.