వీరరాఘవమ్మ పడుకుందా, పోయిందా

ఫిబ్రవరి 3, 2025

నా విమర్శ వ్యాసాల పుస్తకానికి ముందుమాట రాస్తానని గోపాలకృష్ణయ్య 1981లో మాటిచ్చాడు. వినుకొండ బస్టాండులో, నేను తెప్పించిన కాఫీ తాగుతూ ఇచ్చాడు. రాయలేదు. ఆయన నవల బాగాలేదన్నానట. బాగాలేదు మరి. ఇవాళ పేపర్లో ఆయన సన్మానం ఫోటో చూశాను. శాలువా కింద మనిషి కనిపించడం లేదు.

బాగాలేనిదాన్ని బాగుందని నేను ఒక్క వాక్యం రాయలేదు. నరసరావుపేటలో నాకు స్నేహితులు లేకపోవడానికి అదే కారణం. అది కాదు, నీ నోరు అంటుంది మా ఆవిడ హైమావతి.

ఫిబ్రవరి 6

మనవరాలు వందన హాస్టల్‌కి పోతూ తన వీడియో గేమ్ మా టీవీకే తగిలించి పోయింది. దాన్ని మా ఆవిడ పట్టుకుంది. డెబ్బయ్యేళ్ళ మనిషి! కత్తి పట్టుకుని దేశాలు తిరిగే ఒక ఆడమనిషిని నడిపించాలి. పేరు మనమే పెట్టుకోవచ్చట. హైమ ‘వీరరాఘవమ్మ’ అని పెట్టించింది. మా అమ్మ పేరు.

మొదటి ఊళ్ళోనే దొంగలు వీరరాఘవమ్మను చితక్కొట్టారు. హైమ ముఖం వెలిగిపోయింది.

ఫిబ్రవరి 11

తెర మీద మాటలన్నీ ఇంగ్లీషు. బటన్లు ఆమె నొక్కుతుంది. నేను చదివి తెలుగులో చెప్తాను. కాఫీ తాగినాక మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా ఇదే పని. రాసినవాడెవడో గానీ వాక్యం తెలిసినవాడు. నేను పైకి అనలేదు. హైమ కనిపెట్టింది. ఏందయ్యా, బాగుందంటే నోట్లోంచి ముత్యాలు రాల్తయ్యా అంది.

ఫిబ్రవరి 14

తెల్లారి నుంచి హైమకు మళ్ళీ కడుపులో నొప్పి. గాల్ బ్లాడర్ తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుందని గుంటూరు డాక్టరు పోయిన నెలే చెప్పాడు. వినదు. కోతంటే భయం లేదట. మత్తంటే భయం.

ఎందుకో నాకు తెలుసు. ఆమెది కారంపూడి. వీరుల తిరునాళ్ళలో ఆఖరి రోజు, యుద్ధంలో కూలిన వీరుల్లాగా ఆచారం ఉన్నవాళ్ళంతా నేల మీద పడిపోతారు. తీర్థం చల్లితే లేస్తారు. హైమ చిన్నపిల్లప్పుడు ఆమె మేనమామ హనుమయ్య కూడా అందరితో పాటు పడ్డాడు. తీర్థం చల్లారు. అందరూ లేచారు. ఆయన లేవలేదు. గుండె ఆగిపోయింది. ఈ పిల్ల అది తెలియక, చాల్లే మామయ్యా, లెయ్యి అని నవ్వుతూ మీసం పట్టుకుని లాగుతూనే ఉందట.

ఫిబ్రవరి 19

ఆపరేషన్ సంగతి ఎత్తితే, ఈ ఆట అయిపోనీ, అప్పుడు చెప్తా అంది.

ఫిబ్రవరి 22, సాయంత్రం 5

అయిపోయింది.

యుద్ధం గెలిచినాక, తోడు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే బండల మీద పడుకున్నారు. ఆఖర్న వీరరాఘవమ్మ కత్తి పక్కన పెట్టి తానూ పడుకుంది. తెర మొత్తం తెల్లబడింది. ఒకే ఒక్క వాక్యం వచ్చింది. చదివి చెప్పాను: మాట ఇచ్చినట్టే ఆమె పడుకుంది. అంతే. తర్వాత ఆట తయారుచేసిన వాళ్ళ పేర్లు.

హైమ నా వైపు తిరిగి, లేస్తదా అంది.

నేను లాయరులాగా లేచాను. యుద్ధానికి ముందే గుర్రాన్ని విడిచిపెట్టింది. తిరిగొచ్చేది ఉంటే గుర్రాన్ని వదులుతుందా? దాచుకున్న విత్తనాలు ఊరివాళ్ళకు పంచేసింది. పోయింది, అనుమానమే లేదు అన్నాను. ఎంత చక్కగా చెప్పానో!

సరే అయితే, ఆపరేషన్ వద్దులే అని హైమ వంటింట్లోకి పోయింది. ఇన్నాళ్ళూ ఆమె ఆడింది ఆట కాదు. శకునం చూసుకుంటోంది.

ఫిబ్రవరి 23

నా నోరు పడిపోను.

ఫిబ్రవరి 25

వందనకు ఫోన్ చేశాను. ఆ ముగింపు మీద ఇంటర్నెట్‌లో ఏళ్ళుగా కొట్లాడుకుంటున్నారట. చచ్చిందని సగం మంది, నిద్రని సగం మంది. రాసినవాళ్ళు నోరు విప్పలేదు. గోపాలకృష్ణయ్య అయితే రెండర్థాలూ మహోన్నతమని రాసి ఇంకో శాలువా కప్పించుకునేవాడు.

తాతయ్యా, బతికిందని చెప్పెయ్యి, ఏం పోద్ది అంది వందన. దానికేం తెలుసు? నా వ్యాసాలన్నీ అచ్చుకు ముందు విన్న మనిషి హైమ. చదివినదాని గురించి నేను అబద్ధమాడితే మొదటి మాటకే పట్టేస్తుంది.

ఫిబ్రవరి 27

నొప్పి, వాంతులు, జ్వరం. బతిమాలాను. అరిచాను. కళ్ళు మూసుకుని పడుకుంది. కాసేపటికి తనే, తెర తెల్లబడినాక కూడా చేతిలో కొట్టుకున్నట్టుందయ్యా అంది.

ఆమె చేతిలో పట్టుకుని నొక్కే బటన్ల డబ్బా, కంట్రోలర్ సంగతి. వీరరాఘవమ్మకు దెబ్బ తగిలినప్పుడల్లా అది గుండెకాయలాగా దడదడమంటుందట. నాకు తెలియనే తెలియదు. నేనెప్పుడూ దాన్ని పట్టుకోలేదు. నువ్వు చదవడమే గదా, నీకేం తెలుస్తది అంది. కొట్టుకుందో, నాకే అట్టా అనిపించిందో. నువ్వు పట్టుకుని చూడు. ఉన్నదున్నట్టు చెప్పు.

ఫిబ్రవరి 28, ఉదయం

ఆఖరి యుద్ధం మళ్ళీ ఆడాలి. ఏ బటన్ ఏమిటో వందన ఫోన్లో చెప్తూనే ఉంది. వీరరాఘవమ్మ పోయి పోయి గోడకు గుద్దుకుంది. మీ అమ్మను గోడకేసి కొడతావేందయ్యా అని హైమ మంచం మీది నుంచి నవ్వి, నొప్పితో పొట్ట పట్టుకుంది. ఎన్నిసార్లు ఓడానో రాయను.

గెలిచాను. పడుకున్నారు. తెల్లబడింది. కళ్ళు మూసుకున్నాను.

చేతిలో ఏదో అదిరింది. ఆగింది. మళ్ళీ అదిరింది.

నా చేతులు వణుకుతాయి. అందుకే హైమ నా కాఫీ గ్లాసు నిండా పొయ్యదు. అదిరింది ఆటో, నేనో. నాకు తెలియదు. ఒట్టు, తెలియదు.

కొట్టుకుంది అన్నాను.

నా ముఖం చాలాసేపు చూసింది. బీరువాలో ఆస్పత్రి ఫైలు ఉంది, తియ్యి అంది.

మార్చి 3, గుంటూరు, ఉదయం

లోపలికి తీసుకుపోయారు. గాజులు తీసి నా జేబులో వేసింది. పుస్తకం తెచ్చుకున్నాను గానీ అక్షరం ఎక్కడం లేదు.

సాయంత్రం 4

లేచింది. కళ్ళు తెరిచి, గడ్డం గీసుకోలేదేందయ్యా అంది.

లేవడం. ఇంతే గదయ్యా ఆ రోజు తిరునాళ్ళలో నువ్వు చెయ్యాల్సింది. నిన్ను మాత్రం క్షమించను, హనుమయ్యా.