చెల్లని సంతకాలు

ఖుర్సీపార్,
జూన్ 1977

అప్పయమ్మ పెద్దమ్మా,

నన్ను చూసి నువ్వు తలుపు తియ్యడం లేదు గనక ఇది రాసి సందులోంచి వేస్తున్నాను.

ఎన్నికల ఫలితాలొచ్చిన రోజు, మన బస్తీ పెట్టెలో, మనం ఓటేస్తామని మాటిచ్చిన భుజంగరావుగారికి పదకొండే ఓట్లు వచ్చాయని తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం మన బడికి వచ్చి, "అవతలి పార్టీ పంచిన చీరలకి అమ్ముడుపోయారు, సిగ్గులేదా?" అని మీ ఆడవాళ్లందరి మీదా అరిచాను. "ఏటి బాబూ, నీకాడ అచ్చరాలు నేర్సుకుని నీకే తలొంపులు తెత్తామేటి?" అన్నావు నువ్వు. నేను వినిపించుకోలేదు.

దుర్గ్‌లో ఓట్ల లెక్కింపు దగ్గర మన ఏజెంటుగా కూర్చున్న పోలయ్య మావ నిన్న వచ్చి అసలు సంగతి చెప్పాడు. మన పెట్టెలో ముప్పై ఏడు ఓట్లు చెల్లవని పక్కన పెట్టేశారట. ముద్ర భుజంగరావుగారి గుర్తు మీదే ఉంది. పక్కనే పెన్సిలుతో మీ పేర్లు, తెలుగులో. ఓటు ఎవరిదో తెలిసే రాత ఏదున్నా అది చెల్లదట. అన్ని కరపత్రాలు చదివిన నాకు ఆ ముక్క తెలియదు. "ఇక వేలిముద్రలు వద్దు, కాగితం కనిపిస్తే దర్జాగా పేరు రాయండి" అని మీకు నూరిపోసింది నేనే.

ఆ ఓట్లు కలిసినా ఆయన గెలిచేవారు కాదు. కానీ మీరు మాట తప్పలేదు.

నేను తిట్టింది అందరి ముందూ. అందుకని రేపు కుళాయి దగ్గర అందరూ ఉన్నప్పుడు ఈ ఉత్తరం నువ్వే పైకి చదువు. తడబడినా నేను దిద్దను. తలొంచుకుని వింటాను.

మీ కోపిష్టి మేష్టారు